కోతి కొరికిన సీసా

పెళ్లయిన నలభై మూడో రోజున నేను మొదటిసారి కొత్త ఇంటిపేరుతో సంతకం చేశాను. చింతనిప్పు యశోద. అంతకుముందు పాత నోటుబుక్కు వెనక పేజీల్లో ఎన్నిసార్లు రాసుకున్నానో చెప్పను గానీ, సర్కారు కాగితం మీద పెట్టడం మాత్రం అదే మొదలు. చివర చిన్న తోక కూడా తగిలించాను. డిగ్రీ చదివిన మూడేళ్లూ పారుపల్లి యశోదగా ఎన్ని వందల సంతకాలు చేశానో, ఒక్కదానికీ ఇంత మురిసిపోలేదు.

నెల తిరక్కుండా ఆ సంతకమే నా ప్రాణం తీసింది. ఎలాగో చెబుతాను.

మా అమ్మావాళ్లది వైరా. ఇప్పుడు మా ఊరు ఉసిరికవాగు. భద్రాచలం పోయే రోడ్డు అడవిలోకి దూరేచోట ఉంటుంది. రోడ్డుకు ఇటువైపు మా ఇల్లు, ఇంటి ముందు మా ఆయన సాయికిరణ్ నడిపే కూల్‌డ్రింకుల కొట్టు. అటువైపు ఫారెస్టు చెక్‌పోస్టు, దాని పక్కనే రేకుల షెడ్డులో సీసాల పాయింటు. పొద్దున్నే తలుపు తీస్తే టేకాకుల మీద మంచు కారుతున్న చప్పుడు వినిపిస్తుంది. వైరాలో మాకు రిజర్వాయరు మీంచి గాలి వచ్చేది, ఇక్కడ అడవిలోంచి వస్తుంది. రెండింటి వాసనా వేరు. ఈ సంగతి మా ఆయనకు చెబితే, "గాలికి వాసన పట్టుకుంట కూసున్నవా మేడం, చాయ్ పొంగిపోతుంది చూడు" అన్నాడు. నిజంగానే పొంగిపోయింది.

మా ఆయన నన్ను మేడం అంటాడు. మా అత్తమ్మ పద్మావతమ్మ బుజ్జమ్మా అంటుంది. ఊరంతా అదే అందుకుంది. యశోద అని మాత్రం ఎవరూ పిలవరు. ఎందుకంటే, మా అత్తమ్మవాళ్ల అత్తగారి పేరు యశోద. ఆవిడ పోయి రెండేళ్లయింది.

"ఆమె ఉన్నన్నాళ్లు ఆమె పేరు నా నోటెంట రాలే," అంది అత్తమ్మ, నేను కాపురానికొచ్చిన రోజునే. "రేషన్ షాపుల అడిగితే గుడ చీటీ మీద రాసిచ్చిన. గిప్పుడు పెరట్ల నిలబడి 'యశోదా, గిన్నెలు కడుగు' అని ఎట్లంటనే? కండ్లు పోతయ్."

"నాకు గుడ కష్టమే," అన్నాడు మా ఆయన. "ఆ పేరు పిలిస్తె నాయనమ్మ కట్టె పట్టుకొని వచ్చినట్టుంటది."

నాకు నవ్వొచ్చింది. బుజ్జమ్మ బాగానే ఉంది. మేడం ఇంకా బాగుంది.

ఇక సీసాల సంగతి. ఈ అడవి దారిలో అమ్మే ప్రతి నీళ్ల సీసాకూ, కూల్‌డ్రింకు సీసాకూ నడుం మీద నంబరున్న చీటీ అంటించాలి. కొన్నవాళ్లు కొంత డిపాజిట్టు కట్టాలి. ఖాళీ సీసా పాయింటులో ఇస్తే అది తిరిగి వస్తుంది. అడవిలో ప్లాస్టిక్ మిగలకూడదని సర్కారు పెట్టిన పథకం. కొట్టులో కూర్చుని చీటీలు అంటించడం నా పెళ్లికానుకల్లో ఒకటి. మా ఆయన వంకరగా అంటిస్తాడు, నేను తిన్నగా అంటిస్తాను. అయితే కార్లలో పోయేవాళ్లు పాయింటు దగ్గర ఆగరు. తాగి కిటికీలోంచి విసిరేస్తారు. అవి ఏరి తెచ్చినవాళ్లకు ఆ డబ్బు ఇస్తారు. మా ఊళ్లో అలా ఏరేది సైదమ్మ.

సైదమ్మకు అరవై దాటి ఉంటాయి. తెల్లవారకముందే భుజాన గోనెసంచితో అడవి రోడ్డు పట్టి పోయి, ఎండ ముదిరే వేళకు మా కొట్టు ముందు దిగబడుతుంది. చాయ్‌లో చక్కెర రెండు చెంచాలు ఎక్కువ. వెనుకటి వానాకాలంలో ఆమెకు ఖమ్మం దవాఖానాలో కంటి ఆపరేషన్ అయింది. అంతకుముందు ఆమె పని మిర్చి ఏరడం. ఇంకోసారి మిర్చి ఘాటు కంట్లో పడితే చూపు దక్కదని డాక్టరు చెప్పాడట. సీసాల పని దొరికాక మిర్చి మానేసింది.

నేను కాపురానికొచ్చిన వారానికే పాయింటు మీదికి కొత్త మనిషి వచ్చాడు. వెంకటనారాయణ, సత్తుపల్లి వైపు ఆయన. చెడ్డవాడు కాదు. చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు, మాట చివర అండీ. వచ్చిన రెండో రోజే సైదమ్మ సంచిని బోర్లించి, సగానికి పైగా సీసాలు పక్కకు నెట్టేశాడు.

"ఇయ్యి కుదరవండి. కోతులు కొరికినయ్యండి."

"కొరుకుతయ్ మరి, కోతులు కదా," అంది సైదమ్మ. "వాటికి మూత తిప్పుడు రాదు. మెడ కాడ కొరికి తాగుతయ్. అవి నాకంటె ముందుగాల లేస్తయ్ బిడ్డా."

"బాటిల్ ఒరిజినల్ షేపులో ఉండాలండి. రూల్ అండి."

"ముందటాయన తీసుకున్నడు కదా?"

"ఆయన సంగతి నాకు తెలీదండి. జీవోలో ఉందన్నారండి మావాళ్లు."

ఆ జీవోను చూసినవాళ్లు లేరు. మా ఆయన చూడలేదు, చెక్‌పోస్టువాళ్లు చూడలేదు, అడిగితే వెంకటనారాయణ కూడా చూడలేదు. ఆయన్ను పనిలో పెట్టిన ఏజెన్సీవాళ్లు ఫోనులో చెప్పారంతే. చూడకుండానే అందరం దానికి భయపడుతున్నాం.

సైదమ్మ ఆ సీసాలను పారేయలేదు. ఆమె గుడిసెలో చోటు లేదు. "నాల్గు దినాలు మీ పెరట్ల పెట్టుకుంట బిడ్డా" అంటే సరే అన్నాను, అత్తమ్మను అడక్కుండా. నాలుగు రోజులు ముప్పై రోజులయ్యాయి. బస్తాలు గోడ ఎత్తున లేచి మా అత్తమ్మ గోంగూర మడిని మింగేశాయి.

"ఏందే బుజ్జమ్మా ఇది? పెండ్లికి తెచ్చిన సామానా?" అంది అత్తమ్మ బస్తాల చుట్టూ తిరుగుతూ. "గోంగూర పచ్చడి తిననీకి నోరు కొట్టుకుంటుంది. మడి ఏడుంది?"

ఆ రోజే సైదమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని చిన్నగా అంది. "మిర్చి మేస్త్రిని అడిగిన బిడ్డా. రెండో ఏరుడుకు తీస్కపోతనన్నడు. తిండి నడవాలె కదా."

"మరి కన్ను?"

"ఒక కన్నుతోని గుడ మిర్చి కనవడ్తది," అని నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు.

డిగ్రీ రెండో ఏడులో మా లెక్చరర్ మాచేత క్లాసులో సమాచార హక్కు దరఖాస్తులు రాయించింది. 'ఎందుకు చేశారు, ఎందుకు చేయలేదు' అని అడిగితే జవాబు రాదమ్మా, ఫలానా కాగితం చూపించండి అని అడగండి అని పదేపదే చెప్పేది. అప్పుడు నేను మా హాస్టల్ సాంబారు మీద రాశాను. ఇప్పుడు నిజమైన అవసరం వచ్చింది. కొట్టు బల్ల మీద తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి, సీసాలు వాపసు తీసుకునే పథకం ఉత్తర్వుల నకలు. రెండు, ఆ ఉత్తర్వులు తయారైనప్పటి నోటు ఫైలు. మూడు, ఆ దస్త్రాన్ని ఆఫీసుకు వచ్చి స్వయంగా చూసుకునేందుకు అనుమతి.

సైదమ్మ పక్కన కూర్చుని నా పెన్ను వంక చూసింది. "సర్కారు కాయితాల్లో కోతుల సంగతి గుడ ఉంటదా బిడ్డా?"

"ఉందో లేదో చూద్దాం. చూసే హక్కు మనకుంది."

మా ఆయన భుజం మీంచి తొంగి చూసి, "పేరు కింద వైఫ్ ఆఫ్ సాయికిరణ్ అని రాయి, లేకుంటె ఎవరో అనుకుంటరు" అన్నాడు.

"దరఖాస్తు నాది. నడుమ నువ్వెందుకు?"

"రాసుకో తల్లీ, రాసుకో."

అలా చింతనిప్పు యశోద, ఉసిరికవాగు అని మాత్రమే రాసి, తోకతో సహా సంతకం పెట్టాను. బండి మీద టౌనుకు పోయి, ఫారెస్టువాళ్ల జిల్లా ఆఫీసుకు రిజిస్టరు పోస్టు చేశాం. రశీదు మీద నా పేరు అచ్చయి వచ్చింది. దాన్ని పర్సులో పెళ్లిఫోటో పక్కన దాచుకున్నాను. వచ్చేటప్పుడు దారిలో రేగుపళ్లు కొన్నాం. గింజలు ఎవరు ఎంత దూరం ఊస్తారో పందెం. నేనే గెలిచాను.

ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టం. రోజూ పోస్టుమాన్ ముస్తకీమ్ మోపెడ్ చప్పుడు వినగానే నా గుండె లేచేది. కానీ కొత్త కోడలు రోడ్డు మీదికి పరుగెత్తితే బాగుండదు కదా. కిటికీ దగ్గరే నిలబడేదాన్ని. మా ఆయనే ఒకటి రెండుసార్లు అడిగాడు, "మా ఇంటికి ఏమన్న వచ్చిందా భాయ్?" అని.

"మీకేం లేదు," అన్నాడట ముస్తకీమ్. ఒకసారి మాత్రం ఎందుకో మొహం పక్కకు తిప్పుకుని అన్నాడట.

ముప్పై రోజులూ అయిపోయాయి. ఇంకో వారం గడిచింది. ఒక గురువారం సైదమ్మ వచ్చి చాయ్ వద్దంది. చాయ్ వద్దన్న సైదమ్మను నేనెప్పుడూ చూడలేదు.

"సోమారం తెల్లారగట్ల మేస్త్రి బండి వస్తుంది బిడ్డా. మాట ఇచ్చిన. బస్తాలు మీ ఇష్టం, కాలవెట్టుండ్రి."

ఆమె పోయాక మా ఆయన కొట్టు షట్టర్ సగం దించాడు. "రేపు పొద్దుగాల ఆఫీసుకు పోదాం. చూసుకోనీకి గుడ అడిగినవ్ కదా?"

ఆ మాటకు నేను కొట్టులోనే ఆయన చెంప మీద... సరే, ఆ సంగతి వద్దు.

శుక్రవారం పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టుకుని బయల్దేరాం. చలి. ఆయన స్వెట్టరు జేబుల్లో నా చేతులు. దారిలో ఒక కోతి కిలోమీటరు రాయి మీద కూర్చుని, నీళ్ల సీసాను రెండు చేతుల్తో పట్టుకుని మెడ కొరుకుతోంది. బండి ఆపి దండం పెట్టాను. అది పళ్లు చూపించింది.

ఆఫీసులో సమాచారం ఇచ్చే సెక్షన్ రెండో అంతస్తు. బల్ల వెనక నా ఈడు అమ్మాయి, లేత నీలం హిజాబ్, బల్ల మీద ఇరమ్ అని పేరుపలక. నేను రశీదు నంబరు చెప్పాను. ఆమె రిజిస్టరులో వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆపింది. మొహం మెత్తగా మారింది.

"మీరు యశోదగారికి ఏమైతరు మేడం?"

"నేనే యశోద."

ఆమె రిజిస్టరు చూసింది. నన్ను చూసింది. నా మెడలోని పసుపుతాడు ఇంకా పచ్చగా మెరుస్తోంది. మళ్లీ రిజిస్టరు చూసింది.

"సారీ మేడం. ఇందులో మీరు... పోయిన్రు."

"యాడికి?"

ఇరమ్ ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. మేం పంపిన దరఖాస్తుకు వాళ్లు ఇరవై రోజుల్లోనే, వచ్చి దస్త్రం చూసుకోమని జవాబు పంపారు. అది మా ఊరొచ్చి తిరిగి వెళ్లిపోయింది. కవరు మీద నీలం పెన్నుతో గుండ్రటి అక్షరాలు: గ్రహీత మరణించారు. దాని వెనకే ఫైలులో ఒక వాక్యం: దరఖాస్తుదారు మరణించినందున దరఖాస్తు ముగించడమైనది.

నేను కవరు వంక అలాగే చూస్తున్నాను. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పెండ్లయి మూడు నెలలు గుడ కాలే మేడం. గప్పుడే ఎట్ల పోతది?"

ఇరమ్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. నాకూ ఆగలేదు. ముగ్గురం ఎంత నవ్వామంటే పక్క సెక్షన్ నుంచి ఒకాయన కళ్లద్దాలు సవరించుకుంటూ వచ్చి చూసి పోయాడు. నవ్వు తగ్గాక అర్థమైంది. ముస్తకీమ్ దృష్టిలో చింతనిప్పు యశోద అంటే మా ఆయనవాళ్ల నాయనమ్మే. నన్ను ఆయన ఎరిగింది బుజ్జమ్మగానే.

"వైఫ్ ఆఫ్ రాయమంటె విన్నవా?" అన్నాడు మా ఆయన.

"చచ్చిపోయినదాన్ని తిట్టొద్దు," అన్నాను.

ఇరమ్ లోపలికి పోయి సార్ సంతకం తెచ్చింది. ఫైలులో ఆమె రాసిన వాక్యం నేను చదివాను: దరఖాస్తుదారు స్వయంగా హాజరైనందున దరఖాస్తును పునరుద్ధరించడమైనది. నా జీవితంలో ఎవరూ నా గురించి ఇంత గంభీరంగా రాయలేదు.

"చూసుకొనుడు మొదటి గంట ఫ్రీ మేడం," అంది ఇరమ్. గోడ గడియారం చూసి టైము రాసుకుని, దస్త్రం మా ముందు పెట్టింది. అట్ట, అట్టకు దారం, దారానికి ముడి. ముడి మా ఆయన విప్పాడు. పాత కాగితం వాసన గుప్పుమంది. ఇద్దరం ఒకే బెంచీ మీద, మోకాళ్లు తగులుతూ, ఒక్కో పేజీ తిప్పుతున్నాం.

"హనీమూన్ యాడికి పోయిన్రని మీ కాలేజీ దోస్తులు అడిగితె ఏం చెప్తవ్?" అన్నాడు గుసగుసగా.

"రికార్డు సెక్షన్‌కు. గంట ఫ్రీ."

మొదటి పేజీలన్నీ ఒకేలా ఉన్నాయి. పై సూచిక ప్రకారం, తమ పరిశీలన నిమిత్తం, తగు చర్య కొరకు. ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఒకటి. నలభై నిమిషాలు గడిచినా కోతి మాట ఎక్కడా రాలేదు. సోమవారం తెల్లవారుజాము బండి నా కళ్ల ముందు తిరగడం మొదలైంది. మా ఆయన కూడా జోకులు ఆపేశాడు.

అప్పుడు నోటు ఫైలు పద్నాలుగో పేజీ వచ్చింది. అడవి సిబ్బందిలో ఎవరో రాశారు. చేతిరాత కొంచెం వాలుగా ఉంది. 'ఈ దారిలో కోతుల బెడద ఎక్కువ. అవి సీసాల మెడలు కొరికి నీళ్లు తాగి పారేస్తున్నాయి. అట్టి సీసాలు తీసుకోవలెనా వద్దా స్పష్టత ఇవ్వగలరు.'

పక్కన మార్జినులో ఆకుపచ్చ సిరాతో పెద్దసారు జవాబు. 'కోతి కొరికినా సీసా సీసాయే. చీటీ మీద నంబరు కనిపిస్తే చాలు, తీసుకోవలెను. అడవిలో మిగలరాదనే గదా మన ప్రయత్నం.'

నేను మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. గాజు ఒకటి పగిలింది. ఆ తరువాతి పేజీల్లో అసలు ఉత్తర్వు కూడా ఉంది. ఆరో పేరాలో, నలిగిన, చిరిగిన, జంతువులు కొరికిన సీసాలను సైతం తీసుకోవాలని స్పష్టంగా అచ్చులో ఉంది. ఈ నిబంధనలను ప్రతి పాయింటులో తెలుగులో బోర్డు మీద రాసి పెట్టాలని కూడా ఉంది. మా పాయింటులో బోర్డు ఉన్నమాట నిజమే. దాని మీద వెంకటనారాయణ తువ్వాలు ఆరేసుకుంటాడు. దాని మీద ఏమీ రాసి లేదు.

ఇరమ్ ఆ పేజీల నకళ్లు తీయించి, ఒక్కోదాని మీద గుండ్రటి ముద్ర వేసి, సంతకం పెట్టించి ఇచ్చింది. పైన ఒక లేఖ: చింతనిప్పు యశోదగారికి.

"ఇంక పోకండి మేడం," అంది నవ్వుతూ.

"పోయినా మీ దగ్గరకొస్తే మళ్లీ పుట్టిస్తరు కదా."

కిందికొచ్చి బస్టాండు పక్కన గోలీసోడా తాగాం. గోలీ టప్పున లోపలికి పడ్డ చప్పుడుకు నేను ఎప్పుడూ ఎగిరిపడతాను. సోడాబండి ఆయన మేం తాగేవరకూ కదలకుండా చూసి, గాజు సీసాలు తీసుకుని పెట్టెలో పెట్టుకున్నాడు. అక్కడ చీటీ లేదు, నంబరు లేదు. సీసా ఎక్కడికీ పోనివ్వడు అంతే.

శనివారం పొద్దున బస్తాలన్నీ తోపుడుబండి మీద పాయింటుకు చేరాయి. నాలుగు విడతలు పట్టింది. సైదమ్మ బండి పట్టుకుని నడుస్తోంది గానీ నమ్మకం కుదరలేదు. "తిప్పి పంపితె మళ్ల మొయ్యాలె" అంటోంది. ఊళ్లోవాళ్లు కొందరు పోగయ్యారు. మా అత్తమ్మ కూడా వచ్చి షెడ్డు నీడలో నిలబడింది, గోంగూర మడి నిజంగా ఖాళీ అవుతుందో లేదో తన కళ్లతో చూసుకుందామని.

వెంకటనారాయణ కళ్లద్దాలు పెట్టుకుని నకళ్లు చదివాడు. ముద్రలు వేలితో తడిమాడు. ఆకుపచ్చ సిరా నకలులో నల్లగానే వచ్చినా, ఆ వాక్యం దగ్గర ఆగి రెండుసార్లు చదివాడు.

"బానే ఉందండి. క్లియర్‌గా ఉందండి," అన్నాడు. సైదమ్మ మొహం విచ్చుకుంది. "కానీ ఒక డౌటండి. ఈ పేపరు చింతనిప్పు యశోదగారి పేరు మీద వచ్చిందండి. ఆవిడ పోయారని మొన్న పోస్టాయనే అన్నాడండి. పోయినవాళ్ల పేరు మీద పేపరు పెట్టుకుని ఇన్ని బస్తాలు తీసుకున్నాననుకోండి, రేపు మావాళ్లు నన్నేమంటారండి?"

"యశోదను నేనే," అన్నాను.

"మిమ్మల్ని బుజ్జమ్మగారంటారు కదండి."

ఆధార్ కార్డు చూపించాను. దాని మీద ఇంకా పారుపల్లి యశోద అనే ఉంది. ఆయన నకలునూ కార్డునూ పక్కపక్కన పెట్టి, "ఇంటిపేరు కలవట్లేదండి" అన్నాడు బాధగా. నిజంగానే బాధగా అన్నాడు.

"నా పెండ్లామే ఆమె!" అన్నాడు మా ఆయన.

"మీ కొట్టు సీసాలే కదండి ఎక్కువ. మీరు చెబితే ఎలాగండి? వేరే పెద్దవాళ్లెవరన్నా చెబితే రాసుకుంటానండి."

చట్టంలో అలాంటిదేమీ లేదని నేను చెప్పబోయాను. అంతలో మోపెడ్ చప్పుడైంది. ముస్తకీమ్. విషయం విని తల పట్టుకున్నాడు.

"అయ్యో అమ్మా, నాకేం ఎర్క? యశోదమ్మ అంటె పెద్దమ్మనే అనుకున్న. ఆమె పింఛను నేనే ఇచ్చేటోణ్ని, దినాలకు వచ్చి బువ్వ గుడ తిన్న. కొత్త కోడలొచ్చి కళకళ్లాడుతున్న ఇల్లు, సచ్చిపోయిన మనిషి పేరు మీది ఉత్తరం తీస్కపోయి మళ్ల ఏడిపిచ్చుడెందుకని అట్ల రాసి పంపిన."

తప్పు చేసినవాణ్ని కోప్పడదామంటే వీలు లేకుండా చేశాడు.

"అయితే ఈవిడ పేరు యశోదేనాండి?" అని వెంకటనారాయణ ఆయన్ను అడిగాడు.

"నాకెట్ల తెలుస్తదండి? నేను కోడలమ్మా అంట."

సైదమ్మ బస్తా మీద చతికిలబడింది. "నేను గుడ బుజ్జమ్మే అనుకున్న బిడ్డా," అంది. తరువాత, ఎవరితోనో కాదన్నట్టు, "పోనీ తియ్. సోమారం బండి ఉంది కదా" అని కొంగుతో ఆపరేషన్ అయిన కన్ను ఒత్తుకుంది.

అప్పుడు మా అత్తమ్మ నీడలోంచి బయటికి వచ్చింది.

"ఓ వెంకటనారాయణా, గామె నా కోడలయ్యా."

"తెలుసండి పద్మావతమ్మగారు. కోడలుగారి పేరు చెప్పాలండి."

అత్తమ్మ కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుంది. నా వంక చూసింది. సైదమ్మ వంక చూసింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగి నిలబడ్డాడు. "మా అత్త పేరేనయ్యా. రాసిస్తె నడవదా?" అంది.

"మీరు నోటితో చెబితే నేను రాసుకుంటానండి."

అత్తమ్మ ఒకసారి ఆకాశంలోకి చూసి, "అత్తా, తప్పయితె తప్పనుకో" అని, కొంగు దించి, చెక్‌పోస్టు అవతలి కోతులు కూడా ఉలిక్కిపడేట్టు అంది.

"యశోద! చింతనిప్పు యశోద! నా కోడలు! రాస్కో!"

వెంటనే రెండు చెంపలూ వాయించుకుంది. ఊరంతా ఘొల్లుమంది. ముస్తకీమ్ చప్పట్లు కొట్టాడు. దాదాపు మూడు నెలల తరువాత ఆ ఊళ్లో మొదటిసారి నా పేరు విన్నాను. అంత గట్టిగా నన్ను మా అమ్మ కూడా పిలవలేదు. నా కళ్లు తడిశాయి. కోతులు చూస్తున్నాయని తుడుచుకున్నాను.

వెంకటనారాయణ ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు. తరువాత తువ్వాలు తీసి, బోర్డు తుడిచి, మొదటి బస్తా తనే లాక్కున్నాడు. మెడ చీలిన ఒక సీసాను ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. "నంబరు కనిపిస్తందండి," అని పెట్టెలో వేశాడు. సైదమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. రెండోది పడింది, మూడోది పడింది. పదో సీసా దగ్గర ఆమె లేచింది.

"బిడ్డా, చాయ్ పెట్టు. చక్కెర జర ఎక్కువెయ్."

మధ్యాహ్నానికి బస్తాలన్నీ అయిపోయాయి. సోమవారం తెల్లవారుజామున మిర్చి బండి మా కొట్టు ముందు ఆగి, రెండుసార్లు హారన్ కొట్టి, సైదమ్మ లేకుండానే పోయింది. ఆమె అప్పటికే సంచి భుజానేసుకుని అడవి రోడ్డు మీద ఉంది.

అత్తమ్మ ఆ రోజే పెరడు తవ్వి గోంగూర విత్తనాలు చల్లింది. ఇంట్లో మళ్లీ బుజ్జమ్మనే అయ్యాను. "ఒక్కసారికి ఏమన్లే మా అత్త. దినాం అంటె ఊకుంటదా?" అంది. నాలుగు రోజుల తరువాత, నేను కొట్టులో చీటీలు అంటిస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. ఒక చీటీ తీసుకుని సీసాకు అంటించింది. వంకరగా. మా ఆయనకు ఎవరి పోలిక వచ్చిందో తెలిసింది.

"ఆ ఆఫీసుల అన్ని కాయితాలు చూపిస్తరా?"

"చాలావరకు చూపిస్తరు అత్తమ్మా."

"మన ఊరి కాడ ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగకబట్టి రెండేండ్లాయె. ఎందుకు ఆపుతలేరో అడుగు మరి."

"ఎందుకు అని అడగొద్దు. ఏ కాగితం ప్రకారం ఆపట్లేదో ఆ కాగితం చూపించమనాలె."

"గట్లనే రాయి." ఆమె నా ముందుకు తెల్లకాగితం జరిపింది. నేను తేదీ వేశాను. ఇంకా ఏదో చెప్పాలన్నట్టు కూర్చునే ఉంది. పెరటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"కింద నీ పేరు పెడ్తవ్ కదా, దాని పక్కన బతికే ఉన్న అని గుడ రాయి."